మనాది పట్టిన తమ్ముని పక్కన
(శతవార్షికోత్సవ యువజన సదస్సులో చేసిన ఉపన్యాస పాఠము)



పండుగ పూట ఈ సంగతి ఎందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చును. నూరేండ్ల చరిత్ర చెప్పుకునే చోట, గుడులు కట్టిన వారిని, బడులు పెట్టిన వారిని, కలరా రోజుల్లో ఊరూరా తిరిగి మందులిచ్చిన వారిని తలచుకునే చోట, ఆత్మహత్య అనే మాట ఎత్తితేనే కొందరు తల దించుకుంటారు. అయితే ఈ విషయము మీద మాట్లాడమని నన్ను అడిగినది పెద్దలు కాదు, యౌవనస్థులే. వారు అడిగారు గనుక దాపరికం లేకుండా మాట్లాడుతాను. పెద్దలు ఓర్పుతో వినవలెనని మనవి.

ముందుగా లెక్క చెప్పుకుందాం. జాతీయ నేర నమోదు సంస్థ ప్రకటించిన ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది బలవన్మరణం పాలైనారు. వారిలో మూడో వంతుకు పైగా 18 నుండి 30 ఏండ్ల లోపువారు. నాల్గవ వంతుకు పైగా దినకూలీలు. దేశమంతటి సగటు లక్ష మందికి 12.4 కాగా మన తెలంగాణలో అది 26 దాటింది. అంటే రెండింతలు. ఆ ఒక్క ఏడాది మన రాష్ట్రంలో దాదాపు పదివేల ఇండ్లలో ఈ ఏడుపు పుట్టింది. ఇవి పోలీసు కాగితాల మీదికి ఎక్కిన చావులు మాత్రమే. "కడుపునొప్పితో పోయిండు" అని చెప్పి మాపటికే మట్టి చేసిన చావులు ఈ లెక్కలో లేవు.

మన ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు 2016లోను, 2019లోను విడిపోయి చాలా జిల్లాలైనవి గాని నేల మారలేదు. అదే ఎర్రచెల్క, అదే రాతిగుట్ట, బోరు మీద బోరు వేసినా పైకి రాని నీరు. దేవరకొండ, చందంపేట, డిండి, అచ్చంపేట వైపు లంబాడీ తండాలు; అమ్రాబాదు మీద, నల్లమల లోపల చెంచు పెంటలు. తెలంగాణలోని లంబాడీలను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చిన చట్టం 1976లో వచ్చింది. అంటే ఈనాడు డిగ్రీ చదువుతున్న తండా పిల్ల చాలా ఇండ్లలో ఆ వంశంలోనే మొదటి చదువరి. చెంచులనైతే మరీ వెనుకబడి ప్రమాదంలో ఉన్న తెగలలో ఒకటిగా ప్రభుత్వమే గుర్తించింది.

ఆ మొదటి చదువరి సంగతి కొంచెం ఆలోచించండి. ఇంట్లో గోర్ బోలి, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. నాయన చెరకు కోతకో, బిల్డింగు పనికో మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని వలస పోయి ఉంటాడు. పాలమూరు కూలీ అన్న పేరు దేశమంతా పాకిందంటే అది మన ఘనత కాదు, మన కరువు. పత్తి మీద అప్పు, బోరు మీద అప్పు, అక్క పెండ్లి మీద అప్పు. ఇవన్నీ ఒక పదిహేడేండ్ల పిల్లవాని మార్కుల కాగితం మీద వచ్చి కూర్చుంటాయి. వాడు తప్పితే ఇల్లంతా తప్పినట్లే అని వానికి మనమెవరమూ నోటితో చెప్పనక్కరలేదు. ఇల్లు చూస్తేనే వానికి తెలుస్తుంది.

2019 ఏప్రిల్ 18న ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన తరువాత జరిగినది మీరు మరువలేదు. పరీక్ష రాసిన దాదాపు 9.7 లక్షల మందిలో మూడు లక్షలకు పైగా తప్పినారు. మార్కుల లెక్కలోనే తప్పులున్నాయని గొడవ లేచింది. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాసినవి. తప్పిన వారందరి జవాబు పత్రాలను ప్రభుత్వం ఉచితంగా తిరిగి చూపించగా వెయ్యి మందికి పైగా పాసైనట్లు తేలింది. మార్కులు సరిదిద్దవచ్చు. ఆ పిల్లలను తిరిగి తేగలమా? ఇక్కడ నేను ఎవరినీ నిందించడానికి నిలబడలేదు. ఒక్కటే అడుగుతున్నాను: ఫలితాలు వచ్చిన ఆ సాయంత్రం ఆ పిల్లల పక్కన ఎవరున్నారు? తల్లిదండ్రులు కూలికి పోయి ఉంటారు. లెక్చరర్లు ఊళ్లో ఉండరు. పక్కన ఉండగలిగినది ఒక్క స్నేహితుడే. వాడు పాసైన సంతోషంలో ఉంటాడు, లేదా వాడూ తప్పి ఉంటాడు.

నేను చెప్పదలచినది ఇదే. మనసు విరిగిన యౌవనస్థుని మాట మొట్టమొదట చెవిని పడేది మరొక యౌవనస్థునికే. అయ్యగారికి కాదు, డాక్టరుకు కాదు, పోలీసుకు అసలే కాదు. గనుక ఆ చెవిని సిద్ధపరచవలెను.

మన ప్రాంతపు భాషలో దీనికి మంచి మాటలున్నాయి. డిప్రెషన్ అని పట్నం డాక్టరు అంటాడు గాని మన అమ్మలు ఏనాటి నుండో "వాడు మనాది పెట్టుకున్నడు" అంటూనే ఉన్నారు. మనోవ్యాధి అన్న మాటే నలిగి మనాది అయినది. "ఏం రంది పెట్టుకున్నవ్ బిడ్డా?" అని అడుగుతారు. రంది, మనాది, దిగులు, గాబరా – ఇన్ని మాటలు కలిగిన జనానికి ఈ జబ్బు తెలియదని ఎవరనగలరు? తండాకు వెళ్లి మెదడు రసాయనాల మీద పాఠం చెప్పకండి. మనాది గురించి అడగండి. ప్రతి ముసలమ్మ దగ్గర ఒక కథ ఉంటుంది.

అయితే అదే నోళ్లలో ఇంకొక మాటా ఉన్నది. కోపం వస్తే "నువ్వు సచ్చినా పీడ పోవు" అంటాం. అన్నం దగ్గర అలిగిన పిల్లను "పో, యాడన్న పడి సావు" అంటాం. అన్న మనిషికి అది గాలిమాట. అప్పటికే చావును తలపోస్తున్న పిల్లకు అది అనుమతి పత్రంలాగ వినబడుతుంది. ఈ ఒక్క తిట్టును మన ఇండ్లలో మానివేయుటకు ప్రసంగాలు అక్కరలేదు, నాలుక పట్టుకుంటే చాలును. ఎవరికైనా మతి కొంచెం తప్పినట్లుంటే "ఎర్రగడ్డకు తీస్కపోవాలె" అని ఎగతాళి చేయడం కూడా ఇటువంటిదే. హైదరాబాదులోని ఆ ఆసుపత్రి పేరును మనం తిట్టుగా చేసినాము. అందుకే నిజంగా జబ్బు పడినవాడు అక్కడికి పోవడానికి సిగ్గుపడుతున్నాడు.

ఇక సంఘంలో మన వైఖరి. బలవన్మరణం పొందిన వారి శవాన్ని గుడిలోనికి తేనివ్వని కాలం క్రైస్తవ లోకమంతటా ఉండినది. స్మశానంలో ఒక మూలకు నెట్టిన కాలమూ ఉండినది. ఆ తీర్పు చనిపోయిన వానికి తగలదు. బ్రతికి ఉన్న తల్లికి తగులుతుంది. లేఖనాలలో చూస్తే ఏలీయా ప్రవక్త అరణ్యంలో ఒక దినప్రయాణం పోయి, బదరీ వృక్షం కింద కూర్చుండి, ఇక నా ప్రాణము తీసికొనుమని దేవుని అడిగినాడు. మొదటి రాజుల గ్రంథము 19వ అధ్యాయం తీసి చదవండి. కర్మెలు కొండ మీద అంతటి విజయం చూచిన మనిషి ఆయన! దేవుడు ఆయనను గద్దించలేదు, విశ్వాసం తక్కువైనదనలేదు. నిద్రపోనిచ్చినాడు. దూతను పంపి రొట్టె, నీళ్లు ఇప్పించినాడు. మళ్లీ నిద్రపోనిచ్చి మళ్లీ తినిపించినాడు. ఆ తరువాతనే మాట్లాడినాడు. అదే అధ్యాయపు చివరలో ఆయనకు తోడుగా దొరికినది ఎవరు? పొలం దున్నుతున్న ఎలీషా. ఈ భాగాన్ని మనం సేవకు పిలుపు అనే అంశం మీదనే ప్రసంగిస్తాం. ఒంటరివాడైన పెద్దమనిషికి నాగలి పట్టిన కుర్రవాడు తోడై వచ్చినాడని చెప్పడం నేను అరుదుగా విన్నాను.

ఫిలిప్పీ చెరసాల నాయకుని కథ మీకందరికీ తెలుసు. ఖైదీలు పారిపోయినారనుకొని కత్తి దూసి తన్ను తాను చంపుకొనబోయినాడు. పౌలు చేసినదేమిటి? మేమందరము ఇక్కడనే ఉన్నామని చీకటిలో కేక వేసినాడు. ఆత్మహత్య నివారణ మీద ఇంతకంటె పొట్టి పాఠం నేనెరుగను.

లండనులో చాడ్ వారా అనే ఆంగ్లికన్ గురువు ఉండేవారు. 1935లో యౌవనంలో ఉండగానే ఆయన మొట్టమొదట జరిపించిన భూస్థాపన ఒక పద్నాలుగేండ్ల బాలికది. రజస్వల అయినప్పుడు అది ఏదో చెడ్డరోగమని భయపడి, అడగడానికి ఎవరూ లేక ఆ బిడ్డ ప్రాణం తీసుకున్నది. ఆ సంగతి ఆయనను వదలలేదు. 1953లో తన గుడిలోనే ఒక టెలిఫోను పెట్టి, చావాలనుకునేవారు నాకు ఫోను చేయండి అని ప్రకటించినారు. వచ్చేవారు ఎక్కువై వరుసలో కూర్చోవలసి వచ్చింది. వారికి టీ ఇచ్చి కూర్చోబెట్టడానికి సంఘంలోని మామూలు మనుషులు వచ్చినారు. కొద్ది రోజులకే ఆయన ఒకటి గమనించారు. చాలామంది ఆ టీ ఇచ్చిన వారితో మాట్లాడి, బరువు దిగి, తనను చూడకుండానే ఇంటికి వెళ్లిపోతున్నారు! సమరిటన్స్ అనే పెద్ద సేవ అట్లా పుట్టినది. మన దేశంలో 1986లో చెన్నైలో స్నేహ, ఆ తరువాత హైదరాబాదులో రోష్నీ అనే సంస్థలు ఇటువంటి వినే పనికే నిలిచినవి. టీ ఇవ్వడం మనకు చేతకాని పని కాదు గదా.

యౌవనస్థులు తమలో తాము మాట్లాడుకుంటే ఫలితం ఉంటుందా అని మీరు అడగవచ్చు. ఐరోపాలో 10 దేశాల్లోని 168 పాఠశాలల్లో 11 వేలకు పైగా పిల్లల మీద జరిగిన పరిశీలన 2015లో అచ్చయింది. ఒక చోట ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. మరొక చోట పిల్లలనే కూర్చోబెట్టి, చిన్న నాటకాలాడించి, మనసు బాధల గురించి వారి చేతనే మాట్లాడించారు. ఏడాది తరువాత చూస్తే పిల్లలు తామే మాట్లాడుకున్న చోట ఆత్మహత్యా ప్రయత్నాలు సగానికి పైగా తగ్గినవి. ఉపాధ్యాయులకు మాత్రమే నేర్పిన చోట చెప్పుకోదగిన తేడా కనబడలేదు. నేనూ చాలా కాలం సుద్దముక్క పట్టినవాడనే గనుక ఇది నాకు కొంచెం చేదుగానే ఉన్నది! ఆ పద్ధతినే మన దేశపు పిల్లలకు తగినట్లు మార్చి గుజరాతులోని మెహసాణా జిల్లా పల్లెబడుల్లో ప్రయత్నించినారు.

తెగల వారి సంగతికి వస్తే, దీనిని లోతుగా చూచినది కెనడా దేశంలో. అక్కడి బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఆదివాసుల సమూహాలు దాదాపు రెండు వందలున్నాయి. ఆదివాసీ యువకుల్లో ఆత్మహత్యలు చాలా ఎక్కువ అని అందరూ అనుకునేవారు. చాండ్లర్, లలోండ్ అనే ఇద్దరు పండితులు ఒక్కొక్క సమూహాన్ని విడివిడిగా లెక్కగట్టి 1998లో ప్రకటించారు. సగానికి పైగా సమూహాల్లో ఆ ఆరేండ్లలో ఒక్క యువకుడూ అట్లా చనిపోలేదు. చావులు కొద్ది సమూహాల్లోనే గుంపుగా ఉన్నవి. ఏమిటి తేడా? తమ భూమి కోసం నిలబడిన చోట, బడి, వైద్యం, కావలి పని తమ చేతుల్లో ఉన్న చోట, తమ పండుగలకు ఒక ఇల్లున్న చోట చావులు లేవు, లేదా బహు తక్కువ. కాబట్టి తెగలో పుట్టడం వల్ల ఈ బాధ రాదు. తన తెగకు నిన్న ఉన్నదనీ రేపు ఉంటుందనీ యువకునికి నమ్మకం పోయినప్పుడు వస్తుంది.

ఇది విన్నప్పుడు నాకు మన తండాలే జ్ఞాపకం వచ్చినవి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత గ్రామపంచాయతీలైనవి. 2019 జనవరిలో అక్కడ ఎన్నికలు జరిగి తండావారే సర్పంచులైనారు. దీనిని రాజకీయమని కొట్టివేస్తాం గాని, ఆ పంచాయతీ సభలో ఒక యువతి లేచి "మన తండాలో మనాదితో ఉన్నవారికి ఏం చేస్తున్నం?" అని అడగడానికి ఇప్పుడొక చోటున్నది. అట్లాగే 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాల ప్రయత్నానికి ఎదురు నిలిచినప్పుడు చెంచు పెంటల నుండి, అచ్చంపేట, అమ్రాబాదు ఊళ్ల నుండి ప్రజలు రోడ్డు మీదికి వచ్చినారు. ఆ సెప్టెంబరులో శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానించింది. అడవి మాది అని గట్టిగా అనగలిగిన రోజు మనిషి నిటారుగా నడుస్తాడు. మానసిక ఆరోగ్యం అంటే మాత్ర ఒక్కటే కాదని నేననేది ఇందుకే.

శ్రావణంలో తండాల్లో తీజ్ జరుగుతుంది. పెండ్లికాని పిల్లలు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి, తొమ్మిది దినాలు నీళ్లు పోసి పాటలు పాడుతారు. ఆ తొమ్మిది దినాలు ఆడపిల్లలందరూ ఒక్కచోట చేరుతారు. సంవత్సరంలో అటువంటి మరొక సందర్భం వారికి లేదు. అత్తవారింటికి పోయే పిల్ల ఒక్కొక్కరిని కౌగిలించుకొని ఢావ్లో ఎత్తి ఏడుస్తుంది. ఏడుపును పాటగా కట్టి పదిమంది మధ్య ఏడవడం నేర్పిన జాతి అది. మనం చదువు పేరిట, కొన్నిచోట్ల మతం పేరిట కూడా, ఇవి మోటు ఆచారాలని పిల్లలకు సిగ్గు నేర్పినాము. ఏది పూజ, ఏది పాట, ఏది తోడు అన్నది పెద్దలు వివేచించవలసినదే. కాని ఏడ్చే చోటు తీసివేసి, దాని బదులు ఏమీ ఇవ్వకుండా వదిలివేయడం మాత్రం న్యాయం కాదు.

అమెరికాలో ఆరిజోనా రాష్ట్రంలో వైట్ మౌంటెన్ అపాచీ అనే తెగ ఉన్నది. 2001లో అక్కడ యువకుల చావులు పెరిగినప్పుడు తెగ పెద్దల మండలియే ఒక నియమం పెట్టింది. ఎవరైనా చావు మాట ఎత్తినా, ప్రయత్నం చేసినా తెలిసినవారు తెలుపవలెను. తెలిసిన వెంటనే శిక్షణ పొందిన అపాచీవారే ఆ ఇంటికి వెళ్లి కూర్చుంటారు. వారు డాక్టర్లు కారు. ఆ భాష మాట్లాడేవారు, ఆ ఊరివారు. 2001–2006తో పోలిస్తే 2007–2012లో అక్కడి ఆత్మహత్యల రేటు మూడో వంతుకు పైగా తగ్గినది. తెలిసినది దాచకపోవడం, వెంటనే ఇంటికి వెళ్లడం. చేసినది ఈ రెండే.

ఇప్పుడు యౌవనస్థులతో ప్రత్యేకంగా మాట్లాడుతాను. "మేమేం చేయగలం? మాటల్లో తేడా వస్తే?" అని మీరు భయపడుతున్నారు. ముందు అడగడం నేర్చుకోండి. చావు మాట అడిగితే లేని ఆలోచన పుడుతుందని ఊళ్లో అందరూ అంటారు. ఇది నిజం కాదని ఎన్నో పరిశోధనల్లో తేలింది. అడిగితే బరువు దిగుతుంది. డొంకతిరుగుడు వద్దు. "తమ్మీ, సచ్చిపోవాలె అనిపిస్తున్నదా?" అని మెత్తగా, సూటిగా అడగండి. "నీకేమైంది, మంచిగనే ఉన్నవ్ గదా" అనకండి, అది నోరు మూయించే మాట. అవునంటే అదిరిపడకండి. ప్రార్థన చేద్దాం అని వెంటనే కండ్లు మూయకండి, ముందు వినండి. ప్రార్థనకు ఆ తరువాత కావలసినంత సమయం ఉన్నది. వాడు చెప్పేది అరగంట పట్టవచ్చు, రాత్రంతా పట్టవచ్చు. ఆ రాత్రి వానిని ఒంటరిగా వదలకండి.

రహస్యం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. "ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్" అంటారు. ఆ ఒట్టు వేయకండి. ప్రేమ సంగతి, ఇంటి సంగతి దాచండి. ప్రాణం సంగతి దాచకండి. ఒక నమ్మకమైన పెద్దమనిషికి – అక్క కావచ్చు, ఆశ కార్యకర్త కావచ్చు, పాస్టరమ్మగారు కావచ్చు – వానికి చెప్పే చెప్పండి. ఆ బరువును ఒక్కరే మోయకండి. పదిహేడేండ్ల భుజాల మీద ఇంకొకరి ప్రాణం పెట్టడానికి మాకెవరికీ హక్కు లేదు. యౌవనస్థులు నడిపించాలంటే పెద్దలు ఇంటికాడ పడుకోవచ్చునని అర్థం కాదు.

వీరిలో ఆడపిల్లల బాధ వేరుగా ఉన్నది. సెల్‌ఫోనులో ఫోటో పెట్టి బెదిరించేవాడు, చదువు మధ్యలో పెండ్లి, ఎవరితోనో మాట్లాడిందన్న అనుమానం. వీటిని అన్నకు చెప్పలేదు, తండ్రికి అసలే చెప్పలేదు. గనుక ప్రతి తండాలోను, ప్రతి హాస్టలులోను ఈ పనికి అమ్మాయిలుండి తీరాలి. అబ్బాయిలు మాత్రమే కమిటీ వేసుకుంటే అది సగం కమిటీ.

సహాయం ఎక్కడ దొరుకుతుందో కూడా తెలుసుకోండి. 14416 అనే నెంబరు, టెలీ మానస్ అని పేరు, 2022 అక్టోబరు 10న ప్రారంభమైనది. రాత్రి పగలు ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చును. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట పట్టణాల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి, వాటి ఆసుపత్రుల్లో మానసిక వైద్యులుంటారు. ప్రతి దానికీ ఎర్రగడ్డ దాకా పోనవసరం లేదు. 2014లో మొదలైన జాతీయ కిశోర ఆరోగ్య పథకంలో వెయ్యి జనాభాకు నలుగురు చొప్పున, ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు, సాథియా అనే పేరుతో తోటి పిల్లలకు ఆరోగ్యం చెప్పాలని ఉన్నది. అందులో మానసిక ఆరోగ్యం ఒక అంశం. మీ ఊరిలో ఆ నలుగురున్నారా అని ఆశ కార్యకర్తను అడగండి. లేకపోతే ఎందుకు లేరని అడగండి. 2025 జూలైలో సుప్రీంకోర్టు విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణించిన కేసులో తీర్పు చెబుతూ, నూరుగురు గాని అంతకు మించి గాని పిల్లలున్న విద్యాసంస్థల్లో శిక్షణ పొందిన కౌన్సిలరు ఉండవలెనని ఆజ్ఞాపించింది. మీ కాలేజీలో ఆ కుర్చీ ఎక్కడున్నదో వెదకండి.

కేసు అవుతుందన్న భయంతో ప్రయత్నం చేసిన వానిని ఆసుపత్రికి తీసుకుపోక ఇంట్లోనే ఉప్పునీళ్లు తాగించేవారు ఇంకా ఉన్నారు. దయచేసి వినండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం అటువంటివాడు తీవ్రమైన బాధలో ఉన్నాడనే భావించాలనీ, శిక్షించరాదనీ చెప్పింది. 2024 జూలై 1 నుండి వచ్చిన కొత్త నేర చట్టంలో ఆత్మహత్యా ప్రయత్నానికి శిక్ష విధించే పాత సెక్షను లేనే లేదు. 108కి ఫోను చేసి వెంటనే తీసుకుపోండి. నాటు వైద్యంతో పోయే ప్రతి నిమిషమూ ప్రాణమే.

చివరగా పురుగుల మందు సంగతి. మన పల్లెల్లో చాలా ప్రాణాలు పోయేది దీనితోనే. చావాలన్న ఆలోచన చాలామందిలో అల వంటిది, కొన్ని గంటల్లో దిగిపోతుంది. ఆ గంటల్లో మందు చేతికందకపోతే బ్రతుకుతారు. శ్రీలంక ప్రభుత్వం అతి విషమైన మందులను ఒక్కొక్కటిగా నిషేధించింది. 1995లో లక్షకు 57గా ఉన్న ఆత్మహత్యలు 2015 నాటికి 17కు దిగినవి. ఆ దేశంలో దుఃఖం తగ్గినదని ఎవరూ అనరు, చేతికందే విషం తగ్గింది. మన దగ్గర కూడా ఆంధ్రప్రదేశ్ ఉమ్మడిగా ఉన్నప్పుడు, రసాయన మందులు మానివేసి వేపకషాయాలతో సేద్యం చేసిన నాలుగు గ్రామాలను చెన్నై డాక్టరు లక్ష్మీ విజయకుమార్ బృందం పరిశీలించింది. మానకముందు 14 ఆత్మహత్యలు, మానిన తరువాత 3. 2009లో అచ్చయిన ఈ లెక్క చిన్నదే, దాని మీద పెద్ద మేడ కట్టకూడదు. ఆ పరిశీలనలోనే చావుల్లో 47 శాతం అధికారులకు తెలుపనే లేదని కూడా తేలింది. తమిళనాడులో కొన్ని పల్లెల్లో మందుడబ్బాలు ఇండ్లలో ఉంచకుండా ఊరుమ్మడి గదిలో తాళం పెట్టెల్లో దాచి చూచినారు.

ఇది మన యౌవనస్థులు రేపే మొదలుపెట్టగల పని. మీ తండాలో ఎన్ని ఇండ్లలో మందు మంచం కింద ఉన్నదో, ఎన్ని ఇండ్లలో దూలానికి వేలాడుతున్నదో ఒకసారి తిరిగి చూడండి. తండ్రులు మొదట కోప్పడుతారు. నాయక్‌తో, కార్‌భారీతో, సర్పంచుతో ముందు మాట్లాడి వెళ్లండి. మన గుడి వెనుక గదికి తాళం ఉన్నది, పంచాయతీ ఆఫీసుకు తాళం ఉన్నది. పత్తి రోజుల్లో నాలుగు నెలలు ఆ తాళం వెనుక డబ్బాలు పెట్టుకుంటే ఎవరి ఆస్తి కరిగిపోతుంది? తాళపుచెవి ఇద్దరి దగ్గర ఉండాలి. ఒక్కరి దగ్గర ఉంటే పొద్దున్నే మందు కొట్టబోయే రైతుతో తగాదా వస్తుంది. సారా, కల్తీకల్లు సంగతి ఇక్కడ ఎత్తితే రాత్రవుతుంది గనుక విడిచిపెడుతున్నాను. అయితే తాగిన రాత్రే చాలా చావులు జరుగుతాయని మాత్రం గుర్తుంచుకోండి.

ఇంత చేసినా కొన్ని ప్రాణాలు పోతాయి. అప్పుడు ఆ ఇంటికి వెళ్లాలి. చావు దినాన అందరూ వస్తారు. పదకొండవ దినం దాటితే ఎవరూ రారు, వీధిలో ఎదురైతే ముఖం తిప్పుకుంటారు. ఎందుకు చేసుకున్నాడు అని అడగకండి. ఆ ప్రశ్న ఆ తల్లి రోజుకు వందసార్లు తనను తానే అడుగుకుంటున్నది. చనిపోయినవాని పేరు ఎత్తి, వాడు చేసిన మంచి పని ఒకటి చెప్పండి. వాని తోబుట్టువులను, వాని స్నేహితులను కనిపెట్టి ఉండండి, ఒక చావు తరువాత ఆ చుట్టుపక్కల పిల్లలకే ప్రమాదం ఎక్కువ. మొదటి క్రిస్మసుకు, మొదటి ఫలితాల రోజుకు, వాని పుట్టిన దినానికి ఎవరు వెళ్లాలో ఇప్పుడే పేర్లు రాసిపెట్టుకోండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. భోజనాల తరువాత యువజన సంఘ కార్యదర్శులు అక్కడ వేపచెట్టు కింద బల్ల వేసుకొని కూర్చుంటారు. ఒక్కొక్క తండా నుండి, పెంట నుండి, హాస్టలు నుండి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, వారికి అండగా ఒక పెద్ద – ఈ మూడు పేర్లు ఇచ్చి వెళ్లవలెనని కోరుతున్నాను. ఈసారి ఇంటర్ ఫలితాలు వచ్చే నాటికి ఆ ముగ్గురూ తమ ఊళ్లో ఉండేటట్లు చూసుకోవాలి.